పరుపులాయన పెట్టిన మొదటి సంతకం

పరుపులాయనకి మనుషులు మొహాలతో కంటే వీపులతో ఎక్కువ గుర్తుండేవాళ్ళు. ఎవరు కుడివైపు తిరిగి పడుకుంటారో, ఎవరి నడుము కింద దూది ముందు అణిగిపోతుందో, పెళ్ళయిన పదేళ్ళకి ఎవరు రెండు వేరువేరు పరుపులు కుట్టించుకున్నారో ఆయనకి తెలుసు. తెలిసినా చెప్పేవాడు కాదు. "పరుపులు కుట్టేవాడు ముందు తన నోరు కుట్టుకోవాలి" అనేవాడు వాళ్ళ నాన్న. ఆ విద్య ఆయన చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అవసరానికి మించి నేర్చుకున్నాడు.

సందు చివర రెండు గదుల దుకాణం. ముందు గదిలో దూది ఏకేవాళ్ళు, వెనక గదిలో పరుపులు కుట్టేవాళ్ళు. మిషన్లు రాకముందు, దూదిని విల్లుతో ఏకే రోజుల్లో, ఆ నారి మోత సందు మొదటిదాకా వినిపించేది. నాన్న విల్లు మీటుతుంటే గాల్లోకి లేచిన దూదిని అన్నదమ్ములిద్దరూ పట్టుకొచ్చి కుప్ప వేసేవాళ్ళు. తమ్ముడు రెండేళ్ళు చిన్న. వాడు నారి మోతకి గొంతు కలిపి ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు. విల్లు ఆగితే పాట ఆగేది. అందుకని నాన్న ఒక్కోసారి పని అయిపోయినా ఊరికే మీటేవాడు.

పరుపులు కుట్టే ఇంట్లో మంచి పరుపు మిగలదు. కొలత తప్పిందని ఎవరో తిప్పి పంపిన పొట్టి పరుపు మీద ఇద్దరూ పడుకునేవాళ్ళు. కాళ్ళు చాపితే మడమలు నేలకి తగిలేవి. తెల్లారేసరికి తమ్ముడి కనురెప్పల మీద తెల్లటి నూగు. "వీడు నాకంటే ముందే ముసలాడైపోయాడ్రా" అని నాన్న పడీపడీ నవ్వేవాడు. నాన్న అంతలా నవ్వగలడని తరవాతి రోజుల్లో చెబితే ఎవరూ నమ్మలేదు.

తమ్ముడికి ఇరవయ్యేళ్ళప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది. సైకిల్ కొట్టులో పనిచేసే అబ్బాయీ వాడూ ప్రేమించుకున్నారు. ఎవరో చూసి మోసుకొచ్చిన కబురు కాదు. భోజనాల దగ్గర తమ్ముడే చెప్పాడు. "నీ దగ్గర దాచుకుని బతకలేను నాన్నా" అన్నాడు. నాన్న కంచం పక్కకి నెట్టాడు. చెయ్యి కడుక్కొచ్చి పెద్దవాడి వైపు తిరిగాడు.

"వాడి పక్క చుట్టి ఇచ్చెయ్."

పెద్దవాడు చుట్టాడు. దిండూ దుప్పటీ లోపల పెట్టి, పురికొసతో మూడుచోట్ల బిగించి కట్టాడు. దూరం వెళ్ళే సరుకుకి వేసే ముడి అది. లాగితే ఇంకా బిగుసుకుంటుంది తప్ప ఊడదు. తమ్ముడు చుట్టని చంకలో పెట్టుకుని, "బాగా కట్టావన్నయ్యా" అన్నాడు. వెటకారంగా అన్నాడో నిజంగానే అన్నాడో తెలియలేదు. మధ్యాహ్నం. వీధి నిండా ఎండ. వాడు సందు మలుపు తిరిగేదాకా పెద్దవాడు గుమ్మంలో నిలబడ్డాడు. ఆగరా అని ఒక్క మాట అనలేదు.

నాన్న అడిగినవాళ్ళకల్లా, చిన్నాడు పనిమీద పొరుగూరు వెళ్ళి జ్వరమొచ్చి చచ్చిపోయాడని చెప్పాడు. ఏడాది తరవాత ఒక ఉత్తరం వచ్చింది. నాన్న విప్పకుండానే పొయ్యిలో పెట్టాడు. ఎక్కడినించి వచ్చిందో ముద్ర చూసేలోపే అది నల్లబడి ముడుచుకుపోయింది. ఇంకో ఉత్తరం రాలేదు.

పెళ్ళికి ముందు, కాబోయే భార్య "మీరు ఎంతమంది?" అని అడిగింది. "ఒక తమ్ముడుండేవాడు. జ్వరంతో పోయాడు" అన్నాడు. అబద్ధం మొదటిసారి గొంతుకి అడ్డం పడింది. నాన్న పోయాక కూడా ఆయన దాన్ని తీసి పక్కన పెట్టలేదు. ముప్పై ఆరేళ్ళకి అది పాత పరుపులా ఒంటికి తగ్గట్టు అణిగిపోయింది.

ఊళ్ళో మూడు మందిరాలుండేవి. మూడింటి మనుషులకీ మూడు పుస్తకాలు, మూడు రకాల ప్రార్థనలు. పరుపులాయన లెక్కలో అవి మూడు నేలలు. గంట మందిరంలో బల్లల ముందు మోకరిల్లుతారు. మోకాళ్ళ కింద మెత్తలు కావాలి. బారుల మందిరంలో వరసలు కట్టి నేల మీదే వంగుతారు. పొడుగాటి జంపఖానాల కింద పల్చటి దూది పరవాలి. మౌనం మందిరంలో ఎవరూ ఏమీ పలకరు. గంటసేపు కదలకుండా కూర్చుంటారు. అన్నిటికంటే మందపాటి మెత్తలు అక్కడే.

"మాట్లాడని దేవుడికే దూది ఎక్కువ పడుతుంది" అనేది ఆయన భార్య. పరుపులకి గలీబులు కుట్టేది ఆవిడే. ఆవిడ మాట సూదిలా ఉండేది, కుట్టు కూడా.

ఆయనకి అరవై రెండేళ్ళ వయసులో, ఒక మధ్యాహ్నం, పొడుగాటి అమ్మాయొకతె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బాబాయ్, దూది ముక్కలేమైనా మిగిలాయా? పారేసేవైనా పర్లేదు."

"పరుపుకా? ఎంత పొడుగు కావాలి?"

"సంచిలో పట్టేంత."

భార్య మిషను ఆపింది.

"అమ్మాయీ, ముందిలా కూర్చో. నువ్వు అంత ఎత్తున నిలబడి మాట్లాడితే నా మెడ పట్టేస్తోంది."

పిల్ల కూర్చుంది. అబ్బాయిగా పుట్టింది, అమ్మాయిగా బతుకుతోంది. ఇంట్లో వద్దన్నారు. బస్టాండులో ఉంటోంది. తనలాంటివాళ్ళు ఇంకో ముగ్గురు. అమ్మాయిని ప్రేమించిన అమ్మాయిలు ఇద్దరు. అబ్బాయిని ప్రేమించిన అబ్బాయిలు ముగ్గురు. "మొత్తం తొమ్మిదిమందిమి పిన్నీ. అందరికీ ఇంట్లో చెప్పిన మాట ఒకటే. బయటికి నడు."

"మందిరాల్లో అడగలేకపోయారా?"

"అడక్కేం! గంట మందిరం వసారాలో పది రోజులున్నాం. ఎవరో గొడవ పెట్టారు. బారుల మందిరానికి వెళ్ళమన్నారు. వాళ్ళు మౌనం మందిరానికి పంపారు. వాళ్ళు మాట్లాడకుండా చీటీ రాసిచ్చారు, గంట మందిరంలో అడగండని." పిల్ల నవ్వింది. "మూడూ చుట్టొచ్చాం. ఊళ్ళో అందరికంటే పుణ్యం మాకే ఎక్కువొచ్చుంటుంది."

భార్య కూడా నవ్వింది. పరుపులాయన నవ్వలేదు. ముక్కలు కాకుండా, కొత్తగా ఏకిన దూది రెండు సంచుల నిండా కూరి ఇచ్చాడు.

ఆ చీటీ సంగతి మౌనం మందిరం పెద్దావిడకి తెలియకుండా జరిగింది. ఆవిడ ఒకప్పుడు పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించి తను మాట్లాడకుండా ఉండడం ఆవిడకి బాగా అలవాటు. తెలిసిన రోజున మాత్రం ఆవిడే నోరు తెరిచింది. మిగతా ఇద్దరు పెద్దలకీ కబురు పెట్టింది. ఎవరి మందిరానికి ఎవరు వెళ్ళాలన్న చిక్కు వచ్చి, ముగ్గురూ పరుపుల దుకాణంలో కలిశారు. కూర్చోడానికి ఒకే ఒక్క కొత్త పరుపు. గంట పెద్దాయన భారీ మనిషి. ఆయన కూర్చోగానే మిగతా ఇద్దరూ ఆయన వైపు ఒరిగిపోయారు.

"మా పుస్తకం ఇలాంటివి ఒప్పుకోదండీ" అన్నాడు బారుల పెద్దాయన, నిటారుగా కూర్చోడానికి పాట్లు పడుతూ.

"మాదీ ఒప్పుకోదు లెండి" అన్నాడు గంట పెద్దాయన.

"పిల్లల్ని వానలో పడుకోబెట్టమని ఏ పుస్తకంలో ఉందో చూపించండి. ఇద్దరికీ దణ్ణం పెట్టి వెళ్ళిపోతాను" అంది డాక్టరమ్మ.

బారుల పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు. "మా మెట్ల మీంచి పంపించేటప్పుడు ఒక పిల్ల వెనక్కి తిరిగి, వెళ్ళొస్తాం తాతగారూ అంది. పొమ్మన్నవాడికి ఎవరైనా అలా చెబుతారా? అప్పట్నించీ నాకు ప్రార్థన కుదరడం లేదు."

మూతపడ్డ తూనికల ఆఫీసు ఒకటి ఊళ్ళో ఖాళీగా ఉంది. దాన్ని పడగొట్టి కార్లు నిలిపే జాగా చెయ్యాలని పురపాలక సంఘం ఆలోచన. ఆ భవనం పిల్లలకి ఇమ్మని మూడు మందిరాలూ కలిసి అడగాలన్నారు. అర్జీ ఫారం మర్నాడు వచ్చింది. మూడు మందిరాల్లోకీ ఎవరి అనుమానమూ లేకుండా వెళ్ళి రాగలవాడు పరుపులాయన ఒక్కడే కాబట్టి, సంతకాలకి తిప్పే పని ఆయన మీద పడింది.

ఫారం మీద సంతకాలకి నాలుగు గీతలున్నాయి. గంట పెద్దాయన మూడో గీత మీద పెట్టాడు. మొదలుపెట్టింది డాక్టరమ్మ కదా, మొదటి పేరు ఆవిడది ఉండాలని ఆయన మర్యాద. బారుల పెద్దాయన నాలుగో గీత మీద పెట్టాడు. చివర నిలబడితేనే వినయం అని ఆయన పద్ధతి. డాక్టరమ్మ రెండోది ఎంచుకుంది. మొదటిదానికి మగవాళ్ళిద్దరూ పోటీ పడతారని ఆవిడ అంచనా. పైకి చెప్పుకున్నవి ఇవి. మొదటి పేరుకే ముందు రాళ్ళు పడతాయని ముగ్గురికీ తెలుసు. పామూ చావాలి, కర్రా విరగకూడదు.

పరుపులాయన ఆ కాగితాన్ని సరిగ్గా చూడలేదు. గుడ్డని ఎప్పుడూ మొహం లోపలికి పెట్టి మడవడం ఆయన చేతి అలవాటు. కాగితాన్నీ అలాగే మడిచి జేబులో పెట్టుకుని, గడువు ఆఖరి రోజున పురపాలక సంఘం ఆఫీసుకి తీసుకెళ్ళాడు. గుమాస్తా విప్పి చూశాడు.

"మొదటి అర్జీదారు ఎవరు?"

"ముగ్గురూ పెట్టారు కదండీ."

"రెండు, మూడు, నాలుగు పెట్టారు. ఒకటి లేకుండా రెండెక్కడినించి ఊడిపడిందయ్యా?"

పరుపులాయన కిటికీలోంచి మెడ చాపి చూశాడు. "ఒకరికొకరు మర్యాద ఇచ్చుకున్నట్టున్నారండి."

"బాగుంది. విచారణకి మర్యాదగారు వస్తారా? మొదటి పేరున్న మనిషే వచ్చి నిలబడాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. లేకపోతే ఈ అర్జీ చెత్తబుట్టలోకే. నాలుగింటికి కిటికీ మూసేస్తాను."

గోడ గడియారం నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ చూపిస్తోంది. దగ్గరి మందిరానికి నడిచి వెళ్ళాలన్నా అరగంట పడుతుంది. ఆయన ఖాళీ గీత వైపు చూశాడు. బొటనవేలంత పొడుగు లేదు.

"కలం ఇస్తారా?"

"నువ్వా? నువ్వెవరు?"

"పరుపులు కుడతానండి."

"అలా చెప్పు మరి! వాళ్ళకి చోటు దొరికితే నీకు బేరం" అని గుమాస్తా కలం తోశాడు. పరుపులాయన సంతకం పెట్టాడు.

ఇంట్లో చెబితే భార్య కత్తెర కింద పెట్టేసింది.

"గంట మందిరంలో ఎప్పుడూ వెనక బల్ల మీద కూర్చునే మనిషి! మీకెందుకండీ ముందు వరస?"

"గీత ఖాళీగా ఉంది."

"ఖాళీ కనబడితే దూరిపోవడమేనా? అక్కడ నాలుగు ప్రశ్నలడిగితే నీళ్ళు నములుతారు. నేనూ వస్తాను."

ఆయన చేతిలో దబ్బనం ఆగిపోయింది. విచారణలో మొదట అడిగే ప్రశ్న ఏమిటో ఫారం వెనక అచ్చువేసి ఉండడం సంతకం పెట్టాకే చూశాడు. మొదటి అర్జీదారుకి ఈ విషయంతో గల సంబంధం. సంబంధం లేకపోతే అర్జీ కొట్టేస్తారు. చెబితే భార్య వింటుంది. విచారణకి వారం ఉంది. ఆ వారం రోజులూ పొద్దున్నే ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాడు. సాయంత్రానికి రేపు అనుకునేవాడు.

విచారణ గదిలో పైకప్పు పంకా కిర్రుమంటోంది. ముగ్గురు పెద్దలూ మూడు బల్లల మీద కూర్చున్నారు. తొమ్మిదిమంది పిల్లలూ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. భార్య రెండో బల్ల మీద, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా అధ్యక్షురాలు, ఇద్దరు సభ్యులు.

కార్ల జాగా కావాలన్న సభ్యుడు పొడుగమ్మాయిని అడిగాడు. "మీ ఇళ్ళకి మీరు వెళ్ళొచ్చు కదమ్మా? కన్నవాళ్ళు తలుపు తియ్యరా?"

"తీస్తారండీ. నన్ను చూసి మళ్ళీ వేసేస్తారు."

అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని పరుపులాయన్ని లేవమంది.

"ఈ పెద్దలకి మందిరాలున్నాయి, వాళ్ళ సంబంధం నాకు అర్థమైంది. మీ పిల్లలెవరైనా వీళ్ళలో ఉన్నారా?"

"లేరండి."

"మరి మీకేమిటి సంబంధం?"

ఆయన భార్య వైపు చూశాడు. కానివ్వండి అన్నట్టు ఆవిడ గడ్డం ఎత్తింది.

"నాకో తమ్ముడున్నాడండి."

"ఉండేవాడండీ" అంది భార్య బల్ల మీంచే, సాయం చేద్దామని. "పాపం, చిన్న వయసులోనే జ్వరంతో పోయాడు."

"పోలేదు" అన్నాడు పరుపులాయన.

భార్య బల్ల మీంచి సగం లేచింది.

"వాడికి జ్వరం రాలేదు. సైకిల్ కొట్టబ్బాయిని ప్రేమించాడు. మా నాన్న పొమ్మన్నాడు. పక్క చుట్టి కట్టిచ్చింది నేను. గట్టిగా కట్టాను. నలభై ఏళ్ళయింది. ఆ చుట్ట వాడు ఎక్కడ విప్పాడో నాకు తెలీదు. విప్పుకోడానికి చోటు దొరికిందో లేదో కూడా తెలీదు. వీళ్ళకి చోటిస్తే వాడికిచ్చినట్టు కాదు. అది నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను."

కూర్చున్నాడు. భార్య వైపు చూడలేదు. గోడ దగ్గర పిల్లల్లో ఎవరో ముక్కు చీదిన చప్పుడయింది.

అందర్నీ బయట కూర్చోమన్నారు. అరగంట తరవాత పిలిచి, తూనికల ఆఫీసుని ఏడాదిపాటు పిల్లలకి ఇస్తున్నట్టు, బాధ్యత మూడు మందిరాలదే అయినట్టు అధ్యక్షురాలు చదివింది. పొడుగమ్మాయి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. బయటికి వచ్చేటప్పుడు ముగ్గురు పెద్దలూ తలుపు దగ్గర "ముందు మీరు" అంటే "ముందు మీరు" అనుకుంటూ ఆగిపోయారు. పరుపులాయన భార్య వాళ్ళని తోసుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిది పరుపులు కుట్టాలి. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆవిడ ఆయనతో పని మాటలే మాట్లాడింది. గలీబు అందుకోండి. ఈ మూల ఇంకొంచెం దూది. దబ్బనం జాగ్రత్త. తరవాత్తరవాత స్పాంజి పరుపులొచ్చి, దుకాణం మూతపడి, చేతులకి పని లేకుండా కూర్చున్న రోజుల్లో ఆయనకి ఎక్కువగా గుర్తొచ్చింది ఆ మూడు రోజులే. ఎదురుబొదురుగా కూర్చుని ఒకే పరుపుకి రెండు కొసల నుంచి టాకాలు వేసుకుంటూ మధ్యకి రావడం. మధ్యలో వేళ్ళు తగిలితే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోవడం. ఆవిడ కోపమే ఆయనకి ఊరటగా ఉండేది. ముప్పై ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ నిజంగా తన మీద కోప్పడుతోంది.

నాలుగో రోజు పరుపులన్నీ బండి మీద వేసుకుని తూనికల ఆఫీసుకి వెళ్ళారు. గోడలకి అప్పుడే సున్నం వేశారు. పిల్లలు ఎవరి పరుపు వాళ్ళు పరుచుకున్నారు. పొడుగమ్మాయి తన పరుపు మీద వెల్లకిలా పడి, "పిన్నీ, ఇది సంచిలో పట్టదేమో" అంది. ఆవిడ నవ్వింది. నవ్వుతూనే బయటికొచ్చి వీధిలో నిలబడింది. అప్పుడు మాట్లాడింది.

"ఏటా పోయినవాళ్ళ పేర్లు చదివించేటప్పుడు నేను మీ తమ్ముడి పేరు ఇచ్చేదాన్ని. తెలుసుగా?"

తెలుసు. గంట మందిరంలో ఏడాదికోసారి చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. ఆ పేరు వచ్చినప్పుడు ఆయన వెనక బల్ల మీద తల వంచుకునేవాడు. ఆవిడ దాన్ని దుఃఖం అనుకునేది.

"బతికున్నవాణ్ణి ముప్పై ఆరుసార్లు చంపించారు నా చేత."

ఆవిడ బండి దాటుకుని ముందుకి కదిలింది.

"నడవండి" అంది.

గంట పెద్దాయన మందిరం ఆఫీసు గదిలో ఉన్నాడు. ఆయన దగ్గర రెండు పుస్తకాలుంటాయి. ఒకటి పోయినవాళ్ళది. ఇంకోటి దూరాన ఉన్నవాళ్ళది: ఓడల మీద, యుద్ధాల్లో, ఎక్కడెక్కడో ఉన్న మనుషుల కోసం వారం వారం చదివే పేర్లు. మొదటి పుస్తకంలోంచి పేరు తీసి రెండోదాంట్లో రాయమంది ఆవిడ. పెద్దాయన ఇబ్బందిగా కుర్చీలో కదిలాడు.

"రాస్తాను తల్లీ. కానీ నలభై ఏళ్ళు... బతికున్నాడని ఆధారమేమైనా ఉందా?"

"చచ్చిపోయాడంటే రాసుకున్నారే, అప్పుడేం ఆధారం అడిగారు?"

పెద్దాయన ఒక్క క్షణం పరుపులాయన వైపు చూశాడు. తరవాత మొదటి పుస్తకం తెరిచి, పేరు వెతికి, స్కేలు పెట్టి అడ్డంగా గీత గీశాడు. రెండో పుస్తకం ముందుకి లాక్కున్నాడు. పేరు రాశాడు.

"ఎక్కడున్నాడని రాయను?"

"దూరాన అని రాయండి. పుస్తకం పేరే అది కదా."

"మీకేమవుతాడు?"

పరుపులాయన నోరు తెరిచాడు. ఆవిడ ముందే చెప్పేసింది.

"మరిది" అంది. "ఒక్కడే మరిది నాకు."